తినే గుంపులో గొడవ: బిల్లు తలా సమానంగా వెయ్యొచ్చా? "అందరూ రుచి చూడాల్సిందే" అనే రూలు ఉండాలా?

కిమిడి కుర్రోడు:
మాది ఒడిషాలో పర్లాకిమిడి, మేం ఏడుగురం. సంక్రాంతి వెళ్లాక మొదలెట్టాం, నెలకో ఆదివారం ఎప్పుడూ తినని వంట ఒకటి తినాలి, ఒక్కో నెల ఒకళ్లు ఎక్కడికో చెప్తారు, మిగతా వాళ్లు నోరెత్తకుండా రావాలి, వచ్చినవన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ ఒక్క ముద్దయినా నోట్లో పెట్టాలి, బిల్లు తలా సమానం. మొదటిసారి శ్రీకాకుళంలో మందీ, అంటే పెద్ద పళ్లెంలో అన్నం మీద మాంసం, రెండోసారి మా గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్ క్యాంపు. మూడో నెల వంతు నాది. రాయగడ వెళ్దాం, సంతలో చూద్దాం, చోడంబలి (రాగి అంబలి), వెదురు కొమ్ముల కూర, దొరికితే ఎర్రచీమల పచ్చడి అన్నాను. అంతే, వాట్సాప్‌లో రచ్చ. "పెట్రోలు పోసుకుని వెళ్లి చీమలు తినాలేటి" అని ఒకడు, "చోడంబలి మా నాయనమ్మ రోజూ తాగేది, దానికి రాయగడ దాకా ఎందుకు" అని ఇంకొకడు. మీరే చెప్పండి, నాదేమైనా తప్పా?

తోటకూర కాడ:
ఆ గుంపులో కూరగాయలు తినే మనిషిని నేనే. తమ్ముడు చీమల సంగతి చెప్పాడు గానీ బిల్లు సంగతి దాటేశాడు చూడండి. చంద్రగిరిలో బిల్లు 2,380 అయింది, ఏడుగురికి తలా 340. నేను తిన్నదేటంటే రెండు టింగ్‌మోలు, ఇంత క్యాబేజీ వేపుడు. టింగ్‌మో అంటే మడతలు మడతలుగా ఆవిరి మీద ఉడికించిన రొట్టె, దూదిలా ఉంటుంది, బావుంది, కాదనను. థుక్పా అని వాళ్ల సూపు, ఉత్తి నూడుల్సే అక్కా తినెయ్ అన్నారు, గరిటె పెట్టి కలిపితే అడుగునించి ఎముక తేలింది. ఆ ఎముకకి కూడా నేను డబ్బులు కట్టాను.

బార్కస్ బావ:
అయ్యో అక్కా 😀 అయినా మందీ ఎప్పుడూ తినని వంటేటండీ, హైదరాబాద్‌లో సందుకొకటుంది. యెమెన్ వంట అది, నిజాం కాలంలో సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వాళ్లు అక్కడి బార్కస్ పేటలో ఉండిపోయారు, అక్కణ్ణుంచి పాకింది. పెద్ద పళ్లెం చుట్టూ కూచుని తినేదానికి ఎవరెంత తిన్నారని లెక్క ఎలా కడతారు? సమానమే కరెక్టు. లెక్కలు చూసుకునేవాళ్లు స్నేహితులతో బయటికి రాకూడదు.

తోటకూర కాడ:
మాంసం తినేవాళ్లకి ఎప్పుడూ సమానమే కరెక్టు బావా.

రాయగడ మాస్టారు:
నేను చీమల దగ్గరికి వస్తాను. పెట్రోలు పోసుకుని వెళ్లి చీమలా అన్న బాబుకి ఒక మాట. ఒడిషాలోనే మయూర్‌భంజ్ అటు చేసే సిమిలిపాల్ కాయ్ చట్నీకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా చోటి సొంత సరుకని ఇచ్చే ముద్ర. కాయ్ అంటే ఈ ఎర్ర చీమలే, మామిడి చెట్ల మీద ఆకులు కుట్టుకుని గూళ్లు కడతాయి కదా, అవే. అల్లం, వెల్లుల్లి, మిర్చి, ఉప్పు వేసి రోట్లో నూరతారు. పులుపు చీమలోనే ఉంటుంది, చింతపండు అక్కర్లేదు. ఎండురొయ్యల పొడికి లొట్టలేసేవాళ్లు దీనికి మొహం తిప్పుకుంటే నాకు నవ్వొస్తుంది.

ఇంకో మాట, కొంచెం పక్కకి వెళ్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరే అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది, ఊరు ఇటు ఒడిషాలోకొచ్చింది, పాతపట్నం అటు మద్రాసు వైపు ఉండిపోయింది. అప్పటినుంచి ఒడియా వాళ్ల పక్కనే ఉన్నాం, డాల్మా అంటే "పప్పులో కూరలేస్తారు" అని తప్ప మనకేం తెలుసు? ఆ పోపులో జీలకర్ర, ఆవాలు, మెంతులతో పాటు సోపు, నల్లజీలకర్ర కూడా పడతాయి, ఐదూ కలిపి పంచ ఫుటణ అంటారు. నేను ముప్పై ఏళ్లు ఇక్కడ పనిచేసి రిటైరయ్యాక గానీ మా పక్కింటి వదిన గారి పొయ్యి దగ్గర అది చూడలేదు. సిగ్గుపడాల్సిన సంగతే.

కిమిడి కుర్రోడు:
మాస్టారూ చంద్రగిరిలో నాకూ అదే అనిపించింది. 1963 నుంచి ఉన్నారట టిబెటన్లు అక్కడ. చలికాలం స్వెటర్లు అమ్మేవాళ్లుగానే మనకి తెలుసు, చిన్నప్పుడు మా అమ్మ వాళ్లతో బేరమాడి నాకు నీలం స్వెటరు కొనేది. వాళ్లింట్లో ఏం వండుకుంటారో ఒక్కసారీ అడగలేదు.

బార్కస్ బావ:
ఎమోషన్ బానే ఉంది గానీ, ఇష్టం లేనోడి నోట్లో బలవంతంగా ముద్ద పెట్టే రూలేటి? మా ఇంట్లో చిన్నప్పుడు కాకరకాయ అలాగే పెట్టేవారు, ఇప్పటికీ వాసనొస్తే లేచిపోతా.

సంత చిలక:
రాయగడ నుంచే రాస్తున్నా. వెదురు కొమ్ముల కోసమైతే వానాకాలంలో రండి, ఎండల్లో వస్తే లేత కొమ్ములు దొరకవు. కోందు గిరిజన ఆడవాళ్లు సన్నగా తరిగి కుప్పలు పోసి అమ్ముతారు, కొంచెం పుల్లటి వాసనేస్తుంది, అందుకే చాలామంది దగ్గరికెళ్లి వెనక్కొస్తారు. పచ్చివి అలాగే వండెయ్యకండి, వాటిలో విషముంటుంది, రెండు నీళ్లు ఉడకబెట్టి పారబోశాకే కూర. మా అత్తగారు మూడో నీళ్లు కూడా పోస్తారు, ఆవిడకి ఎవరి మీదా నమ్మకం లేదు. తోటకూర అక్కా, అది కూరగాయే, మీకు పనికొస్తుంది.

తోటకూర కాడ:
అయితే నేను వస్తాను. చీమల దగ్గర మాత్రం నన్ను పిలవొద్దు.

కిమిడి కుర్రోడు:
నిన్న ఏడుగురం కూచున్నాం. అన్నం, రొట్టె, టీ, బండి ఖర్చు తలా సమానం, మాంసం, చేపలు, చీమలు తిన్నవాళ్ల మీదే. రుచి చూడాలన్న రూలు తీసేశాం, కాకపోతే తిననోడు మొహం చిట్లిస్తే అందరికీ టీ ఖర్చు వాడిదే. బావ లాంటోడొకడు మా దగ్గరా ఉన్నాడు, అప్పుడే మూడు టీలు బాకీ. రాయగడ ప్రోగ్రాం వానలు పడ్డాక. చిలక గారూ, సంత ఏ వారమో కాస్త చెప్పండి.

సంత చిలక:
వానలు పడనీ, చెప్తా. సంచీ మీరే తెచ్చుకోండి, మొన్న నా దాంట్లో వేసిస్తే రెండ్రోజులు బీరువా అంతా అదే వాసన.