అమ్మ మాట వినకుండానే ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

పెన్నాగట్టు:
మాది నెల్లూరు జిల్లా. నాన్న పోయాక అమ్మ తన రెండెకరాల మాగాణిని అన్నకు సెటిల్‌మెంట్ రాసిచ్చింది. ఏడాది తిరగకుండానే ఆమెకు అన్నం పెట్టడం మానేశారు. వయోవృద్ధుల పోషణ చట్టం (2007) కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టాం. దస్తావేజులో 'ప్రేమాభిమానాలతో' అని ఉందే గాని, చూసుకోవాలన్న షరతు లేదట. భూమి ఇప్పించలేమన్నారు, కొద్దిపాటి భరణం ఇమ్మన్నారు. విచారణ మేడమీద జరిగింది. మోకాళ్ల నొప్పితో అమ్మ మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని. ఆమెను ఒక్క మాటా అడగలేదు. భూమి పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ.

దస్తావేజు లేఖరి, ఒంగోలు:
బాబూ, ఒకప్పుడు మేమూ ఆ షరతు రాసేవాళ్లం కాదు. ఇప్పుడు 'బతికినంతకాలం తిండి, బట్ట, వైద్యం చూడాలి, లేకుంటే రద్దు' అని రాయనిదే రిజిస్ట్రేషన్‌కు పంపను. చూసుకోకపోతే రాసిచ్చిన ఆస్తిని వెనక్కిప్పించేది ఈ చట్టంలోని సెక్షన్ 23, దాని ప్రాణమంతా ఆ వాక్యంలోనే ఉంది. ప్రేమతో ఇచ్చినంత మాత్రాన షరతు ఉన్నట్టు కాదని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. అక్కడ కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితం ఉంది. మీ అన్నగారు అలాంటిదేమైనా రాశారేమో ట్రంకుపెట్టెలన్నీ వెతకండి.

మార్కాపురం కోడలు:
నాది వేరే కేసు, అందులో నాది అవతలి పక్షం. అత్తగారి అర్జీ మీద నన్నూ పిల్లలనూ ఇల్లు ఖాళీ చేయమన్నారు. నోటీసు నా భర్తకే వెళ్లింది, ఆయన మమ్మల్ని వదిలేసి మూడేళ్లయింది. ఈ చట్టాన్ని చూపి గృహహింస చట్టం కోడలికిచ్చిన నివాస హక్కును తుడిచేయకూడదని 2020లో వనిత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. దాని నకలు పట్టుకుని తిరుగుతున్నాను. అత్తగారి మీద నాకు కోపం లేదు. మా ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టి అడిగి ఉంటే, మమ్మల్ని చూడాల్సినవాడు ఎవరో అక్కడే తేలిపోయేది.

దస్తావేజు లేఖరి, ఒంగోలు:
పెన్నాగట్టూ, ఉత్తర్వు తేదీ నుంచి 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు వేయాలి. ఇరుపక్షాలకూ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా అప్పీలు కొట్టేయకూడదని సెక్షన్ 16లోనే ఉంది. అమ్మగారు మెట్లెక్కలేరని అర్జీలోనే రాయండి.

పెన్నాగట్టు:
41 రోజులైంది. రేపే వేస్తాను. అక్కా, ఆ తీర్పు సంగతి చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి కుర్చీలో మోసుకెళ్లైనా సరే, నన్ను కలెక్టరు ముందు కూర్చోబెట్టు. నేనే చెబుతాను" అంది.