మిస్టరీ బౌంటీ: పోకరా, లక్కీ డిప్పా?

చివరిచిప్పు:
నిన్నటి మిస్టరీ బౌంటీ పోకర్ టోర్నమెంట్ మంట ఇంకా చల్లారలేదు. బై-ఇన్‌లో (ఎంట్రీ ఫీజులో) సగం మామూలు బహుమతులకు, సగం కవర్లకు. రెండో రోజు నుంచి ఎవరినైనా ఔట్ చేస్తే బౌంటీగా ఒక కవరు తీసుకోవచ్చు, లోపల ఎంతుందో విప్పేదాకా తెలియదు. నేను ఐదుగురిని ఇంటికి పంపాను. ఐదు కవర్లలోనూ కనీస మొత్తమే, తలా 100 డాలర్లు. పక్క సీటాయన గంటల తరబడి ఫోల్డ్ చేస్తూ (ముక్కలు పడేస్తూ) కూర్చుని, ఒక్కణ్ని పడగొట్టి 2,800 లాగాడు. టేబులంతా చప్పట్లు. ఇదీ ఒక ఆటేనా? ఫలానా తలకు ఇంత అని ముందే తెలిసే పాత బౌంటీలకేం తక్కువైంది?

రివర్‌రాజు:
బాధ అర్థమైంది బాస్. కానీ జనం వచ్చేది ఆ చప్పట్ల కోసమే. 2022లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 1,000 డాలర్ల టోర్నమెంట్ ఆడిన మ్యాట్ గ్లాంట్జ్ బౌంటీ తీస్తే 10 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ టోర్నమెంట్ గెలిచినవాడి మొదటి బహుమతి కూడా అంత లేదు!

చివరిచిప్పు:
నా పక్షానే మాట్లాడారు, థాంక్స్ :) గెలిచినవాడికన్నా కవరు తీసినవాడికి ఎక్కువ రావడమేమిటండీ?

లెక్కలమాస్టారు:
కవర్ల పట్టిక నాకూ తెలుసు, నేనూ అక్కడే ఆడాను. రెండో రోజు 40 మంది, 40 కవర్లు: 2,800 ఒకటి, 1,000వి రెండు, 400వి ఐదు, మిగతా 32 కవర్లూ వందలే. మొత్తం 10,000, సగటున కవరుకు 250. మామూలు బహుమతుల్లో మిగిలింది కూడా 10,000. అంటే మోటుగా చూస్తే ఒక తల విలువ ఒక సగటు స్టాక్ (ఒకరి దగ్గరున్న చిప్స్) అంత. సగటు స్టాక్ లక్ష చిప్స్.

ఇప్పుడు ఒక చేయి (ఒకసారి పంచిన ఆట) చూడండి. ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందేలు: బ్లైండ్స్ 2,000-4,000, యాంటీ 4,000. బటన్ (డీలర్ స్థానం) మీదున్నవాడు 60,000తో ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా పెట్టేశాడు. మీరు బిగ్ బ్లైండ్ (ఆ 4,000 ముందే పెట్టినవారు), అతనికన్నా పెద్ద స్టాక్. కాల్ చెయ్యాలంటే ఇంకో 56,000 పెట్టాలి, మధ్యలో 70,000 ఉంది. బౌంటీ లేకపోతే 44 శాతం గెలుపు అవకాశం కావాలి. అతని తల విలువగా ఆ లక్ష కలిపితే 25 శాతం చాలు. ఒకే గుర్తున్న తొమ్మిది-ఏడు ముక్కలతో కాల్ చెయ్యాల్సిందే. ఎదురుగా ఏస్-కింగ్ ఉన్నా మీకు 40 శాతం దగ్గర ఉంటుంది. ఆ చేయి ఫోల్డ్ చేసేవాడు డబ్బు వదులుకుంటున్నట్టే. కవర్లో ఏముందో తెలియకపోయినా నిర్ణయం మారదు, సగటు తెలిస్తే చాలు.

ఆ సగటూ కదులుతుంటుంది. మొదటి కవర్లోనే 2,800 పోతే మిగతా వాటి సగటు 185కి పడిపోతుంది. అప్పుడు కాస్త బిగించి ఆడాలి. గోడ మీది పట్టిక చూసేవాళ్లు ఎంతమంది? నిన్న నా టేబుల్లో ఇద్దరు.

అన్నట్టు, ఆ పట్టికలో మొదటి ఐదు కవర్లూ వందలే రావడానికి 30 శాతం అవకాశం ఉంది. మీదేం అరుదైన దురదృష్టం కాదు సార్.

పాతకాపు:
మాస్టారి లెక్క ఒప్పుకుంటాను, అయినా చివరిచిప్పు గారి వైపే నేను. ప్రోగ్రెసివ్ బౌంటీల్లో ఎదుటివాణ్ని పడగొడితే అతని తల మీదున్న దానిలో సగం మన చేతికొస్తుంది, సగం మన తలకెక్కుతుంది. ఎవరి తల బరువో కళ్లెదుటే ఉంటుంది, ఎవరి వెంటపడాలో ఎంచుకోవడమే ఒక విద్య. ఇక్కడ అన్ని తలలూ ఒకటే. పైగా మీ సగటు వేల టోర్నమెంట్లు ఆడేవాడికి పనికొస్తుంది. ఏడాదికి మూడు ఆడేవాడు సగటును తింటాడా?

లెక్కలమాస్టారు:
చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ విద్య పోలేదు, చోటు మారింది. మన స్టాక్ ఎదుటివాడి కన్నా చిన్నదైతే ఆల్ ఇన్ గెలిచినా అతనికి చిప్స్ మిగులుతాయి, కవరు రాదు. అందుకే కవర్లు లేని మొదటి రోజున కూడబెట్టిన చిప్స్‌కే రెండో రోజు అసలు విలువ. ఆలస్యంగా చేరి చిన్న స్టాక్‌తో ఈడ్చుకొచ్చేవాళ్లు సగం ప్రైజ్ పూల్‌ను దూరం నుంచి చూడాల్సిందే.

రివర్‌రాజు:
చిన్న డౌటు. ఇద్దరం సమానమైన చేతులతో ఒకణ్ని ఔట్ చేస్తే కవరెవరిది?

పాతకాపు:
అది ఆ టోర్నమెంట్ రూల్స్ షీట్లో ఉంటుంది, కూర్చునే ముందే చదువుకో తమ్ముడూ. కవరు విప్పాక అడిగితే గొడవే.

చివరిచిప్పు:
30 శాతమా! సరే మాస్టారూ, పక్క సీటాయన మీద కోపం మాత్రం అలాగే ఉంచుకుంటాను.