గరాటు గూడు అల్లితే చాలు, ఒకే కుటుంబమా? (ఆన్‌లైన్ చర్చ; ముందున్నవి సభ్యుల మారుపేర్లు)

తెల్లవారుజాము: హైదరాబాద్‌లో మా కాలనీ పార్కు గడ్డి మీద పొద్దున మంచుకు తెల్లటి పట్టు పరుపులు తేలాయి, ఒక్కోటి అరచేయంత. ప్రతి పరుపూ ఒక మూల గరాటులా లోపలికి దిగింది. ఆ గొట్టం నోట్లో బూడిదరంగు సాలీడు కాళ్లు ముందుకు చాపి కూర్చుంది. ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఒకాయన "ఫన్నెల్ వెబ్! ఆస్ట్రేలియాలో మనుషుల్ని చంపేది ఇదే" అన్నారు. ఆదివారం పార్కంతా మందు కొట్టిస్తారట. నెట్‌లో చూస్తే ఏజెలినిడే అనే సాలీళ్ల కుటుంబం అని ఉంది. ఏది నమ్మాలి?

ఎనిమిది కళ్లు: ఆదివారం లోపు ఆ మందు ఆపించండి. మీ గ్రూపులో ఆయన అన్న ఫన్నెల్ వెబ్, అంటే సిడ్నీ సాలీడు, ఎట్రాసిడే కుటుంబానిది, తూర్పు ఆస్ట్రేలియా దాటి ఎక్కడా లేదు. అది తడి నేలలో, రాళ్ల కింద బొరియలో ఉంటుంది. దాని కోరలు గునపం దించినట్టు నిలువుగా దిగుతాయి. అక్కడ కూడా 1981లో విరుగుడు మందు వాడకంలోకి వచ్చాక దాని కాటుతో ఎవరూ చనిపోలేదు.

ఏజెలినిడే వేరే శాఖ. కోరలు పటకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి. ఎనిమిది కళ్లూ రెండు వరసల్లో, ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. వెనక దారం తీసే కాడల్లో ఒక జత పొడుగ్గా తోకల్లా కనబడుతుంది. పట్టుకు జిగురుండదు. పురుగు పడి తడబడగానే ఆ అదురు కాళ్లకు తెలిసి సాలీడు రివ్వున పరుపు మీదికొచ్చి, కరిచి, గొట్టంలోకి లాక్కుపోతుంది. వెయ్యికి పైగా జాతులున్న పెద్ద కుటుంబం.

అయితే మీ పార్కులోది ఏజెలినిడే కూడా కాకపోవచ్చు. మన గడ్డిలో ఎక్కువగా ఇలా అల్లేది హిప్పాసా అనే సాలీడు. అది తోడేలు సాలీళ్ల కుటుంబమైన లైకోసిడేకి చెందింది.

పొలంగట్టు: అన్నా, మామూలు మనిషికి ముందు కనబడేది గూడే. ఒకేలా అల్లి, ఒకేలా వేటాడేవాటిని ఒకే పేరుతో పిలిస్తే తప్పేంటి? మీ కుటుంబాలు మాత్రం నిలకడగా ఉన్నాయా? 2018 దాకా సిడ్నీ సాలీడు హెక్సాథెలిడే అనే వేరే కుటుంబంలో ఉంది, తర్వాత విడదీశారు. సీలోటినే అనే సాలీళ్ల గుంపును అమౌరోబిడే కుటుంబం నుంచి తెచ్చి ఏజెలినిడేలో కలిపారు. పైగా హిప్పాసాకూ వెనక కాడలు పొడుగే. మీ గుర్తే తప్పిందిగా!

ఎనిమిది కళ్లు: కాడల మాట నిజమే, ఆ ఒక్క గుర్తుతో తేల్చకూడదు. హిప్పాసా అజెలెనాయిడిస్ అనే పేరుకే 'అజెలీనాను పోలినది' అని అర్థం (అజెలీనా ఏజెలినిడేలోని సాలీడు). 1884లో దానికి ఆ పేరు పెట్టిన ఫ్రెంచ్ సాలీళ్ల శాస్త్రవేత్త సీమోనూ ఆ పోలిక గమనించాడు. కానీ కళ్లు చూడండి: ముందు నాలుగు చిన్నవి, వాటిపైన రెండు పెద్దవి, ఇంకా వెనక రెండు. గుడ్ల సంచిని తల్లి తన వెనకే అంటించుకుని తిరుగుతుంది. ఏజెలినిడే తల్లి అలా మోయదు. గబ్బిలానికి రెక్కలున్నాయని పిట్టల్లో కలపం కదా, గూడు సంగతీ అంతే.

కుటుంబాలు మారాయంటారా, డీఎన్ఏ చూశాక చుట్టరికం ఇంకా బాగా తెలిసింది కాబట్టి మారాయి. నాకు బాధ కలిగించేది పేరు వల్ల సాలీళ్లకు వచ్చే చావు. అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో హోబో సాలీడు అనే ఏజెలినిడే జీవి కరిస్తే కండ కుళ్లుతుందని ఏళ్ల తరబడి భయపడ్డారు. అదే సాలీడు యూరప్‌లోనూ ఉంటుంది, అక్కడ దానికా చెడ్డపేరు లేదు. తర్వాతి పరిశోధనలూ ఆ ఆరోపణను బలపరచలేదు.

డాలస్ పెరడు: మా ఇంటి పొదల మీదా ఇవే పరుపులు. ఇక్కడ గ్రాస్ స్పైడర్ అంటారు, అజెలెనాప్సిస్. అసలైన ఏజెలినిడే. పిల్లలు పక్కనే ఆడుకుంటారు, ఇంతవరకు ఒక్క కాటూ లేదు.

తెల్లవారుజాము: ఇవాళ లెన్స్‌తో చూశాను. రెండు గూళ్లలో తల్లి వెనక గుండ్రటి తెల్ల సంచి అంటుకుని ఉంది. దగ్గరికి వెళ్లగానే సంచితో సహా గొట్టంలోకి జారిపోయింది. కళ్లు కూడా 4-2-2 వరసే.

పొలంగట్టు: అయితే లైకోసిడేనే, ఒప్పుకుంటున్నా. కానీ మీ గ్రూపులో హిప్పాసా అంటే ఎవరికీ ఎక్కదు. 'గడ్డి తోడేలు సాలీడు' అని రాసి, ఆ సంచి ఫొటో పెట్టండి. గరాటు అనే మాటే ఎత్తొద్దు.

తెల్లవారుజాము: ఇప్పుడే పెట్టాను. మా గ్రూపువాళ్లు మందు మనిషికి ఫోన్ చేసి ఆదివారం రావద్దన్నారు.