ఒక ర్యాంకు ఫెయిలైతే మిగతా ఏడూ అక్కడే నిలబడుతున్నయ్ (ఎంపీఐ, సీ)

నల్లగొండ_సీ:
మండలానికో వర్షపాతం ఫైలు, మొత్తం 31. ఓపెన్‌ఎంపీఐ (ఒకే పనిని చాలా ప్రాసెస్‌లకు పంచే ఎంపీఐ లైబ్రరీ), 8 ర్యాంకులు, అంటే 8 ప్రాసెస్‌లు. దామరచర్ల ఫైలు లేకుంటే 5వ ర్యాంకు ఎర్రర్ ప్రింట్ చేసి, ఎంపీఐ_ఫైనలైజ్ (ఎంపీఐని ముగించేది) పిలిచి బయటపడాలె. కానీ ప్రోగ్రాం ఆగదు. టాప్ కమాండ్‌ల ఎనిమిదీ 100% సీపీయూ చూపిస్తున్నయ్. తప్పెక్కడ?

మిర్యాలగూడ_లైనక్స్:
ఆ 100% పని కాదు తమ్మీ. ఎదురుచూసేటప్పుడు కూడా ఓపెన్‌ఎంపీఐ మెసేజ్ వచ్చిందా, వచ్చిందా అని చూస్కుంటనే ఉంటది. డీబగ్గర్ జీడీబీ -పీ పక్కన ప్రాసెస్ నంబరిచ్చి బీటీ కొట్టు, ఏ ఫంక్షన్‌ల ఆగిందో చూపిస్తది: ఏడు ఆల్‌రెడ్యూస్‌ల (అందరి విలువలు కలిపి ఫలితం అందరికీ ఇచ్చేది), 5వది ఫైనలైజ్‌ల కనపడ్తయ్. రెండూ అందరూ కలిసి పిలవాల్సినవే. బంతిల కూసున్నట్టు, ఒక్కరు మిగిలినా ఎవరూ లేవరు.

ఆ ఫైలు లేకుంటే లెక్కే దండగ అనుకుంటే, ఎర్రర్ మెసేజ్ ఎస్‌టీడీఎర్‌కు రాసి, ఎస్‌టీడీఅవుట్‌ను ఎఫ్‌ఫ్లష్ చేసి (బఫర్‌ల ఆగినది బయటికి పంపుడు), ఎంపీఐ_అబార్ట్(ఎంపీఐ_కామ్_వరల్డ్, 2) పిలువు. అది అన్ని ర్యాంకులనూ ఆపేస్తది, 2 అనేది ఎగ్జిట్ కోడ్. ఫ్లష్ మరిస్తే ఎస్‌టీడీఅవుట్‌ల ఉన్న మాటలు పోవచ్చు. కోడ్ 0 మాత్రం ఇయ్యకు, జాబ్ స్క్రిప్టు అంతా బాగైందనుకుంటది.

పాలమూరు_కోడర్:
ఒక్క ఫైలుకు 30 ఫైళ్ళ పని పారబోసుడెందుకు? ప్రతి ర్యాంకుల ఓకే అనే ఇంట్ పెట్టు, 1తో మొదలు. ఫైలు దొరకకుంటే 0 చేసి ముందుకు పో, మధ్యల రిటర్న్ కావద్దు. చదువుడు అయినంక ఎంపీఐ_మిన్‌తో (అన్నిట్ల చిన్న విలువ) ఆల్‌రెడ్యూస్. 0 వస్తే ఆ ఫైలును వదిలేసి లెక్కకట్టాల్నా, అందరూ ఫైనలైజ్‌కు పోవాల్నా అన్నది నీ ఇష్టం.

ఈ ఆల్‌రెడ్యూస్‌ను ఫైళ్ళు చదివే లూప్ బయట పెట్టు. ఏడు ర్యాంకులకు 4 ఫైళ్ళు, ఒకదానికి 3 వస్తయ్. లోపల పెడితే ఆ ఒక్కటి 3 సార్లే పిలుస్తది, మళ్ళ అదే వేలాడుడు.

అబార్ట్ వాడితే అవుట్‌పుట్ సగంల తెగొచ్చు. వేరే పేరుతో రాసి, పూర్తయినంక అదే డిస్కుల రీనేమ్ చెయ్యి.

నల్లగొండ_సీ:
ఎఫ్‌ఓపెన్ బదులు ఎంపీఐ_ఫైల్_ఓపెన్ పెడితే ఫైలు లేనప్పుడు ప్రోగ్రాం తానే ఆగదా అన్నా?

మిర్యాలగూడ_లైనక్స్:
ఆగదు. కమ్యూనికేటర్లకు (కలిసి మాట్లాడుకునే ర్యాంకుల గుంపులకు) డిఫాల్టు ఎంపీఐ_ఎర్రర్స్_ఆర్_ఫేటల్, అంటే తప్పొస్తే అంతా ఆపేస్తది. ఫైళ్ళకు మాత్రం ఎంపీఐ_ఎర్రర్స్_రిటర్న్, అంటే తప్పు కోడ్ వాపసిస్తది, ఆపదు. వాపసొచ్చిన విలువ ఎంపీఐ_సక్సెస్ అవునా కాదా నువ్వే చూడాలె. కారణం ఎంపీఐ_ఎర్రర్_స్ట్రింగ్ చెప్తది, బఫర్ ఎంపీఐ_మ్యాక్స్_ఎర్రర్_స్ట్రింగ్ అంత ఉండాలె. ఇంకోటి, ఆ ఓపెన్ కూడా అందరూ కలిసి పిలిచేదే. ఎవరి ఫైలు వాళ్ళు తెరిచేటప్పుడు అన్ని ర్యాంకులుండే కామ్_వరల్డ్ కాదు, ఆ ఒక్క ర్యాంకే ఉండే ఎంపీఐ_కామ్_సెల్ఫ్ ఇయ్యి.

పాలమూరు_కోడర్:
ఎగ్జిట్ కోడ్ 137 కనపడితే ఇవేవీ వెతకకు. అది సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను బలవంతంగ చంపే సిగ్నల్, నంబరు 9), 128 ప్లస్ 9. ఎక్కువసార్లు మెమరీ నిండి కెర్నలే చంపి ఉంటది, కెర్నల్ మెసేజ్‌లు చూపే డీఎంఈఎస్‌జీ కమాండ్ చూడు.