12 వోల్టుల సప్లైలో గుయ్‌మంటోంది, కెపాసిటర్ పెంచాలా?

బ్రాడీపేట రేడియో: పాత మీడియం వేవ్ రేడియో బోర్డుకి, టీడీఏ2003 ఆంప్లిఫైయర్‌కి కలిపి 12 వోల్టుల సప్లై చేశాను. 0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 2200 మైక్రోఫారడ్ 25 వోల్ట్, ఆ తర్వాత వోల్టేజీని 12 దగ్గర నిలబెట్టే 7812 రెగ్యులేటర్. వాల్యూమ్ తగ్గిస్తే బాగానే ఉంటుంది, పెంచితే గుయ్‌మని హమ్. సాయంత్రం ఏడు దాటితే మరీను. 10,000 వేస్తే పోతుందా?

పటమట మెకానిక్: కండెన్సర్ (అదే, నీ కెపాసిటర్) చాలట్లేదు తమ్ముడూ. పక్కనే ఇంకో 4700 వేసెయ్. ముప్పై ఏళ్లుగా ఇదే చేస్తున్నా, ఒక్క సెట్టూ వెనక్కి రాలేదు.

కృష్ణలంక: ఆంప్లిఫైయర్ మైనస్ వైరు నాలుగు డయోడ్ల బ్రిడ్జి దగ్గర కలిపారా, కండెన్సర్ దాటాక కలిపారా? నాకు అక్కడే వచ్చింది హమ్.

ఆరో సెమిస్టర్: కెపాసిటర్ ఎంత పెంచినా పోదు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి పీక్, అంటే ఏసీ అల శిఖరం, 17 వోల్టులు, బ్రిడ్జిలో దాదాపు 2 పోతే మిగిలేది 15. మీ లోడ్ 800 మిల్లీఆంపియర్లు అనుకుంటే 2200 మీద రిపుల్, అంటే వోల్టేజీలో ఎగుడుదిగుడు, 3.6 వోల్టులు. అంటే కింద 11.4 దాకా జారుతుంది. 7812కి కనీసం 14 కావాలి. ఆ 14 అందితే అది రిపుల్‌ని 70 డీబీ దాకా, అంటే మూడు వేలలో ఒక వంతుకి తగ్గిస్తుంది. అందకపోతే ఉన్నది ఉన్నట్టు బయటికి వదిలేస్తుంది. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

పటమట మెకానిక్: నీ లెక్కలో 800 ఎక్కడిది బాబూ? అతను కొలిచాడా?

ఆరో సెమిస్టర్: లేదు, "అనుకుంటే" అన్నాను.

పటమట మెకానిక్: అనుకుంటే నేను కలెక్టర్ని.

బ్రాడీపేట రేడియో: ఇప్పుడే కొలిచాను. వాల్యూమ్ పెంచి చూస్తే 7812 ముందు పగలు 13.1. రాత్రి స్టెబిలైజర్ మీద లైన్ 200 చూపించినప్పుడు 11. మీటర్‌ని ఏసీలో పెడితే పగలు 1 వోల్ట్ వచ్చింది.

ఆరో సెమిస్టర్: చూశారా! లైన్ 200 అయితే బ్రిడ్జి దాటాక పీకే 12.8. ఇక ఎంత కండెన్సర్ వేసినా 14 ఎక్కణ్ణుంచి వస్తుంది?

పటమట మెకానిక్: మీ కాలేజీ కుర్రాళ్లు షాపుకొచ్చి గంటసేపు నన్నడిగి, ఆ పార్టులే ఆన్‌లైన్‌లో కొంటారు. తర్వాత ఇక్కడికొచ్చి నాకు పాఠం చెప్తారు.

ఆరో సెమిస్టర్: నేను కొన్నది షాపులోనే అంకుల్. 2200 అని రాసి ఉన్న కెపాసిటర్ ఇచ్చారు, ల్యాబ్‌లో కొలిస్తే 1100 వచ్చింది. అప్పట్నుంచి కొలవకుండా ఏదీ నమ్మను.

కృష్ణలంక: మైనస్ వైరు సంగతి ఎవరూ చెప్పరా?

పటమట మెకానిక్: నీ లెక్క తప్పని నేనన్నానా బాబూ? ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే కస్టమర్ "ఎంతవుతుంది" అంటాడు, చెప్పగానే సెట్టు చంకలో పెట్టుకుని వెళ్లిపోతాడు. కండెన్సర్ వేస్తే సగమన్నా తగ్గుతుంది, డబ్బులిస్తాడు. నువ్వు కొత్తది కట్టే లెక్క చెప్తున్నావు, నేను ఉన్నదాన్ని నడిపించే లెక్క చెప్తున్నా.

ఆరో సెమిస్టర్: ఇతను కస్టమర్ కాదు కదా అంకుల్. సొంతంగా కట్టుకుంటున్నాడు.

పటమట మెకానిక్: అయితే సరిగ్గా చెప్పు. 15 పెడితే 25 వోల్ట్ కండెన్సర్ లోడ్ లేనప్పుడు అంచు మీద ఉంటుంది, 35ది వేయమను. 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ 800 మిల్లీఆంపియర్ల డీసీకి కాలుతుంది, 2 తెమ్మను. 7812 మీద 5 వాట్ల వేడి, హీట్‌సింక్ లేకపోతే చేత్తో ముట్టుకోలేడు. ఇవన్నీ నీ లెక్కలో లేవు.

ఆరో సెమిస్టర్: లేవు. ఒప్పుకుంటున్నా.

బ్రాడీపేట రేడియో: 15 వోల్ట్ 2 ఆంపియర్లది తెచ్చాను, 4700/35 వేశాను, హీట్‌సింక్ బిగించాను. కృష్ణలంక గారూ, మైనస్ వైరు నిజంగానే బ్రిడ్జి దగ్గరే ఉంది, అదీ మార్చాను. రాత్రి కూడా హమ్ లేదు. కానీ విజయవాడ స్టేషన్ పెడితే మాత్రం సన్నగా గుయ్ వస్తోంది. స్టేషన్ తప్పిస్తే లేదు.

పటమట మెకానిక్: ఒక్కో డయోడ్ మీద ఒక్కో 0.01 మైక్రోఫారడ్ డిస్క్ కండెన్సర్ వెయ్. పోతుంది.

ఆరో సెమిస్టర్: ఎందుకు పోతుంది అంకుల్?

పటమట మెకానిక్: ముందు పోనీ, తర్వాత నువ్వే లెక్క వెయ్.