అప్‌డేట్: హైవే హోరు, చెట్లు, స్పీడ్ బ్రేకర్

హయత్‌నగర్‌లో మా ఇంటి పక్క విజయవాడ హైవే హోరుకి చెట్లు నాటితే సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలదు. ఒక్క వరస చెట్లతో శబ్దం దాదాపు తగ్గదు. లారీ కంటికి కనబడకుండా అడ్డుపడే, సందుల్లేని గోడైతే దాదాపు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇళ్ల మధ్య రాత్రి శబ్దం పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. అధికారులకి పెట్టిన అర్జీలో ముందు ఆ పరిమితే రాశాం.

అసలు బాధ సర్వీస్ రోడ్డు స్పీడ్ బ్రేకర్. రాత్రి రెండింటికి ఇసుక లారీ అక్కడ బ్రేకేసి, ఎగిరిపడి, మళ్లీ గేరు మారుస్తుంటే అమ్మ మంచం పక్కన గ్లాసు మీద మూత గలగలమంటుంది. పిల్లలు దాటే చోటు, ఊరికే తీసేయమనలేం. రోడ్డు ఇరుకు చేసి వేగం తగ్గించమన్నాం. వచ్చే వారం శబ్దం కొలవడానికి అధికారులు వస్తారట. పగలు కాదు, రాత్రే రమ్మని పట్టుబట్టాం.