అప్‌డేట్: టోల్‌పడిల్ 1834 వార్తలు ఎలా దొరికాయంటే

పాత పత్రికల ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్ కౌంటీ (జిల్లా లాంటిది) ఊరు టోల్‌పడిల్ పేరుతో వెతికితే, 1834లో అక్కడి వ్యవసాయ కూలీల అరెస్టు వార్తలు రావట్లేదని ఇంతకుముందు అడిగాను, మీ సలహాలు పనిచేశాయి. విచారణ డోర్చెస్టర్‌లో జరిగింది కాబట్టి వార్తలు ఆ పట్టణం పేరు కింద, 'అసైజెస్' (కౌంటీల్లో అప్పుడప్పుడు జరిగే కోర్టు విచారణలు) శీర్షికలో ఉంటాయి. ఊరి పేరు వదిలేసి 'లవ్‌లెస్' (అరెస్టైన కూలీ ఇంటిపేరు), 'అన్‌లాఫుల్ ఓత్స్' (చట్టవిరుద్ధ ప్రమాణాలు, వాళ్లపై మోపిన నేరం) అని ఇంగ్లిష్‌లో కొట్టి, తేదీని 1834 మార్చి, ఏప్రిల్‌కు కుదించాలి. సిరా పాకిన చోట స్కాన్ చేసిన పేజీలోని అక్షరాలను కంప్యూటర్ తప్పుగా చదువుకుంటుంది. పేరులో సగమే ఇస్తే మేలు. కౌంటీ పత్రికలు ఎక్కువగా వారానికోసారే వచ్చేవి, తీర్పు కోసం తర్వాతి సంచికా తిప్పాలి.

ఒకరిది ఒకరు ఎత్తి రాసుకోవడం అప్పట్లో మామూలే (ఇప్పుడు మాత్రం తక్కువా!). పది పత్రికల్లో ఒకే పేరా కనిపిస్తే అది ఒక్క సాక్ష్యమే. కోర్టు రిపోర్టులు కూలీలు సంఘం పెట్టుకుంటూ చేసిన రహస్య ప్రమాణం చుట్టూనే తిరుగుతాయి. వాళ్ల వారం కూలి 6 షిల్లింగులకు (అప్పటి బ్రిటిష్ నాణేలు) దించబోయిన గొడవ కోసం పాఠకుల లేఖలు చదవాలి.